గాలిని తూచే తీగ

కారు ఎయిర్ ఫ్లో సెన్సర్ని ఇంట్లో స్ప్రే కొట్టి శుభ్రం చేసుకోవడం ఏదో చిట్కా వైద్యం అని చాలామంది అనుకుంటారు. మెకానిక్ని అడిగితే "ఎందుకు సార్ రిస్కు, మార్చేద్దాం" అంటాడు. నా అభిప్రాయం వేరు. వేడి తీగ సెన్సర్ కార్లలోకి వచ్చిన కొత్తల్లో దాన్ని శుభ్రం చేసే పని కారే చేసుకునేది. తర్వాత కారు ఆ పని మానేసింది, అది మన చేతికొచ్చింది. అదెలా జరిగిందో చెప్తాను.

సూత్రం చాలా పాతది. వేడి తీగ మీదుగా గాలి వీస్తే తీగ చల్లబడుతుంది. గాలి ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ చల్లబడుతుంది. (వేడి టీని సాసర్లో పోసి ఊదుకోవడం మనకి తెలిసిన విద్యే.) మాంట్రియల్లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో పనిచేసిన లూయీ వెస్సో కింగ్ సన్నటి ప్లాటినం తీగలతో ప్రయోగాలు చేసి, దీని లెక్కని 1914లో ప్రచురించాడు. ఆ లెక్కని ఇప్పటికీ కింగ్స్ లా అంటారు. కానీ కార్లవాళ్ళకి అరవై ఏళ్ళకి పైగా దాంతో పెద్దగా పని పడలేదు. అప్పట్లో కార్బ్యురేటర్ ఉండేది. గాలి లోపలికి దూసుకుపోతుంటే ఆ ఊపుకి పెట్రోలు దానంతటదే వచ్చి కలిసేది. వంటలో ఉప్పు అందాజుగా వేసినట్టన్నమాట. ఇంజన్ నడుస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఈ అందాజు వ్యవహారానికి గండి కొట్టింది కాలిఫోర్నియా పొగ. లాస్ ఏంజిలస్ మీద కమ్ముకునే స్మాగ్‌కి కార్ల పొగ ముఖ్య కారణమని 1950ల మొదట్లో కాల్‌టెక్ ప్రొఫెసర్ ఆరీ హాగెన్-స్మిట్ తేల్చాడు. తర్వాత చట్టాలొచ్చాయి, 1970లో అమెరికా అంతటికీ క్లీన్ ఎయిర్ యాక్ట్ గట్టిపడింది. ఇక పెట్రోలు కొలిచి పొయ్యాలి. అలా కొలవాలంటే ముందు గాలిని కొలవాలి.

ఈ కొలత మూడు మెట్లలో వచ్చింది. 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ తెచ్చింది, ఫోక్స్‌వాగన్ 1600లో పెట్టారు. అది మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి గాలి ఎంతుందో ఊహించేది. 1973లో వచ్చిన ఎల్-జెట్రానిక్‌లో గాలి దారికి అడ్డంగా ఒక రేకు తలుపు పెట్టారు. గాలి దాన్ని ఎంత తోస్తే అంత కొలత. కానీ తలుపు కొలిచేది గాలి పరిమాణాన్ని, ఇంజన్‌కి కావాల్సింది గాలి బరువు. చలికాలం పొద్దుటి గాలికీ ఎండాకాలం మధ్యాహ్నం గాలికీ బరువులో తేడా ఉంటుంది, కొండ మీద గాలి ఇంకా పలచన. ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి అనే లెక్క దగ్గరగా పాటిస్తేనే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేస్తుంది.

మూడో మెట్టులో మన కింగ్ గారి తీగ కార్లోకి వచ్చింది. బాష్ వాళ్ళ ఎల్‌హెచ్-జెట్రానిక్ 1980ల మొదట్లో వోల్వో 240లో కనిపించింది. గాలి దారిలో వెంట్రుకంత సన్నటి ప్లాటినం తీగ ఉంటుంది. దాన్ని ఒకే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు కావాలో చూస్తే గాలి బరువు తెలిసిపోతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఎంత అందమైన డిజైనో చూడండి!

చిక్కల్లా మురికితోనే. ఫిల్టర్ దాటి వచ్చే సన్నటి దుమ్ము, నూనె ఆవిరి తీగ మీద పేరుకుని దుప్పటి కప్పినట్టవుతాయి. తీగ చల్లబడటం తగ్గిపోతుంది, గాలి తక్కువ వస్తోందని కంప్యూటర్ మోసపోతుంది. ఇది బాష్ ఇంజనీర్లకి ముందే తెలుసు. అందుకే ఇంజన్ ఆపిన కొన్ని సెకన్లకి తీగని ఒక సెకను పాటు సుమారు 1000 డిగ్రీల వేడికి తెచ్చి మురికిని కాల్చేసేవారు. మూత తీసి చూస్తే తీగ ఎర్రగా మెరిసి ఆరిపోవడం కనిపించేది.

తర్వాత తీగ పోయి హాట్ ఫిల్మ్ వచ్చింది. చవక, గట్టి. దుమ్ము ఎక్కువగా ముందు అంచు మీద పడేలా, కొలిచే భాగం దాని వెనక ఉండేలా అమర్చారు. కాబట్టి కాల్చే పని అక్కర్లేదని దాన్ని తీసేశారు. కొత్త కారుకి ఆ లెక్క సరిపోతుంది. పదేళ్ళు దుమ్ములో తిరిగిన కారుకి, నూనె రాసే రకం ఫిల్టర్ పెట్టుకున్న కారుకి అన్నిసార్లూ సరిపోదు.

ఇంకో సంగతి. సెన్సర్ తప్పు చెప్పినా కారు వెంటనే ఆగదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ తేడా పట్టుకుని పెట్రోలు సర్దుతూ పోతుంది. బగ్‌ని ఎక్సెప్షన్ హ్యాండ్లర్ మింగేసినట్టన్నమాట :) సర్దడానికి ఇక వీల్లేనప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, ఎక్కువగా పీ0171 కోడుతో. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. ఆ లైటు వెలుగుతుంటే కాలిఫోర్నియాలో స్మాగ్ పరీక్ష పాసవదు. సెకండ్ హ్యాండ్ కారుతో మొదలుపెట్టే మనవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

మన దేశంలో 2000లో మారుతి 800కి ఎంపీఎఫ్ఐ వచ్చింది. అయితే ఇక్కడి చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఈ తీగ ఉండదు, 1967 నాటి పద్ధతిలో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సరే ఉంటుంది. కామన్ రైల్ డీజిల్ కార్లలో మాత్రం మాఫ్ సెన్సర్ మామూలే. కాబట్టి స్ప్రే కొనేముందు మీ కార్లో ఏదుందో మాన్యువల్‌లో చూసుకోండి.

పని పెద్దదేం కాదు. ఇంజన్ చల్లారాక కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ బయటకి తీసి, మాఫ్ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే కొంచెం దూరం నుంచి కొట్టాలి. కార్బ్యురేటర్ క్లీనర్ వాడకూడదు. వేలు, గుడ్డ, బ్రష్ ఏదీ తగలకూడదు. స్ప్రేకి మంట అంటుకునే గుణం ఉంది, కాబట్టి ఆరుబయట చెయ్యడం మంచిది. పూర్తిగా ఆరాకే తిరిగి బిగించాలి. లోపల ఎలక్ట్రానిక్స్ పాడైతే స్ప్రే ఏమీ చెయ్యలేదు, అప్పుడు మార్చాల్సిందే. గాలి గొట్టానికి పగులున్నా ఇదే కోడు వస్తుంది, అదీ చూసుకోవాలి.

మెకానిక్ మార్చేద్దాం అన్నప్పుడు నేను చెప్పేది ఒక్కటే. పాత వోల్వో ఇంజన్ ఆపిన ప్రతిసారీ చేసుకున్న పనిని మనం ఏడాదికోసారి చేస్తే తప్పేముంది? ముందు కడుగుదాం, కుదరకపోతే అప్పుడు కొందాం.