పాటకీ పాటకీ మధ్య మాట

'పాడుతా తీయగా' పాత భాగాలు యూట్యూబులో వెతికితే రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి పూర్తి భాగం, ముప్పావు గంటో గంటో ఉంటుంది. రెండోది అందులోంచి కోసి పెట్టిన అయిదారు నిమిషాల పాట. ఈ రెండో రకం వాద్యాల ఎత్తుగడతో మొదలై చప్పట్లతో ఆగిపోతుంది. పాడిన పిల్ల మైకు పట్టుకుని బెరుగ్గా నిలబడి ఉంటుంది, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఏదో చెప్పబోతుంటారు, అంతలో వీడియో అయిపోతుంది.

మెసయీద్ లో పన్నెండు గంటల డ్యూటీ దిగినవాడికి ఈ ముక్కే సుఖం, కాదనను. పాట విన్నామా, పడుకున్నామా అన్నట్టు ఉంటుంది ఇక్కడి బతుకు. కానీ ఈమధ్య పూర్తి భాగాలు వరసపెట్టి చూస్తుంటే నాకొకటి తోచింది. తెలుగు టీవీలో పాటల కార్యక్రమాల చరిత్ర రాయాలంటే ఎవరు బాగా పాడారు, ఎవరు గెలిచారు అన్నది పక్కన పెట్టి, పాటకీ పాటకీ మధ్య ఎవరు ఏం మాట్లాడారో చూడాలి. ఇప్పుడు మనం కత్తిరించి పారేస్తున్నది సరిగ్గా దాన్నే.

ఈ మాట టీవీతో పుట్టింది కాదు. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటల్ని దాదాపు లేకుండా చేస్తే జనం రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. మన వాళ్లకి మీనాక్షి పొన్నుదురై ఉండేవారు. పాట కంటే ముందు ఆవిడ గొంతు గుర్తొస్తుందని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1957లో వివిధ భారతి వచ్చాక సినిమా పాట ఆకాశవాణి గడప మళ్లీ ఎక్కింది. విజయవాడ కేంద్రం తన పాట తాను తయారు చేసుకుంటూ, 'ఈ మాసపు పాట' అని లలిత గీతాల్ని జనానికి నేర్పింది కూడా. అంటే పాటని వినిపించడమే కాదు, పాట గురించి నాలుగు మాటలు చెప్పడం, నేర్పడం అన్నది మనకి రేడియో రోజుల నుంచే అలవాటైన పని.

దూరదర్శన్ ఆ అలవాటుని ఎక్కువ పట్టించుకోలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ ఉపగ్రహ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కొన్ని టీవీని మొదటిసారి చూశాయి. హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. ఆ తర్వాత వచ్చిన 'చిత్రలహరి' గురించి నా తరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం వీధులు ఖాళీ. అయినా నిజాయితీగా చెప్పుకుంటే అదొక పాటల దండ, అంతే. సినిమాల్లోంచి తీసిన పాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు అన్న ధ్యాస తక్కువ. ఎన్టీఆర్ పాట, ఏఎన్నార్ పాట, చిరంజీవి పాట అని తెరమీద మొహాన్ని బట్టి పిలవడం మనలో స్థిరపడిపోవడానికి చిత్రలహరి కూడా ఓ కారణమనే అనుకుంటాను.

ఇక్కడ గల్ఫ్ సంగతి కొంచెం చెప్పాలి. ఖతార్ టీవీ 1970లో మొదలైంది, 1974కల్లా రంగుల్లోకి వచ్చింది. మనకి రంగుల టీవీ వచ్చింది 1982 ఆసియా క్రీడలప్పుడు. అప్పట్లో ఉమ్ సయీద్ అని పిలిచిన ఈ మెసయీద్, 1949 చివర్లో దుఖాన్ నూనెని ఓడలకెక్కించిన రేవు. ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం 1970లలో తయారీ మొదలుపెట్టాయి. అలా పని కోసం గల్ఫ్ చేరిన మన వాళ్లు ఇంటికి పోతూ పట్టుకెళ్లింది టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు, ఆ తర్వాత వీసీఆరు. టేప్ రికార్డరుతో రెండు పనులు జరిగేవి. పాటలు వినడం ఒకటి, ఉత్తరం రాయలేనివాళ్లు తమ గొంతుని క్యాసెట్లో పంపడం రెండోది. అటు నుంచి ఊళ్లోవాళ్లు టీవీ కార్యక్రమాల్ని వీడియో టేపు మీద ఎక్కించి, వచ్చేవాళ్ల సంచీలో పెట్టి పంపేవారు. ఊళ్లో శుక్రవారం రాత్రి చూసింది, ఇక్కడ ఏ నెలకో ఇంకో శుక్రవారం సెలవు పూట చూడటం. టేపు మిగల్చడానికి రికార్డు చేసేవాళ్లు ప్రకటనలొస్తే ఆపేసేవారు, అనౌన్సరొస్తే ఆపేసేవారు. పాట మధ్య మాటని కత్తిరించడం యూట్యూబు కనిపెట్టిందేం కాదన్నమాట.

1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే హిందీలో జీ టీవీ 'సారెగమ' మొదలై సోనూ నిగమ్ వ్యాఖ్యానంతో పేరు తెచ్చుకుంది. 1996లో ఈటీవీ 'పాడుతా తీయగా' మొదలుపెట్టింది. పేరు 'మూగ మనసులు' (1964)లో ఆత్రేయ రాసిన, మహదేవన్ బాణీ కట్టిన, ఘంటసాల పాడిన పాట నుంచి తీసుకున్నది.

ఆ కుర్చీలో బాలసుబ్రహ్మణ్యం కూర్చోవడంలో ఓ చిత్రం ఉంది. ఆయనే పోటీ పాటల్లోంచి వచ్చిన మనిషి. 1960లలో ఇంజనీరింగు చదువుతూ మద్రాసులో ఓ తెలుగు సంస్థ పెట్టిన పోటీలో పాడితే, అది విన్న ఎస్పీ కోదండపాణి గుర్తుపెట్టుకుని 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కి మొదటి పాట పాడించారు. తర్వాత రోజుల్లో తన రికార్డింగు థియేటరుకి బాలు ఆ కోదండపాణి పేరే పెట్టుకున్నారు. మైకు ముందు వణకడం ఎలా ఉంటుందో తెలిసినవాడు న్యాయనిర్ణేత కావడం ఆ కార్యక్రమం స్వభావాన్నే మార్చేసింది. పిల్లలు వచ్చి ముందు సినిమా పేరు, రచయిత, సంగీత దర్శకుడు, పాడినవాళ్లు ఎవరో చెప్పాలి. చిత్రలహరి మరిపించినవన్నీ ఇక్కడ పన్నెండేళ్ల పిల్ల అప్పజెప్పినట్టు చెప్తుంది! పాట అయ్యాక అసలు పని మొదలు. ఎక్కడ శ్రుతి జారింది, ఏ ఒత్తు పలకలేదు, 'శ'కీ 'స'కీ తేడా ఎక్కడ పోయింది అని చెప్పి, తనే ఆ సంగతి పాడి చూపించేవారు. అక్కడితో ఆగక, ఆ పాట రికార్డింగు నాటి ముచ్చట్లలోకి వెళ్లేవారు.

ఈ ముచ్చట్లనే నేను ఇప్పుడు పనిగట్టుకుని వింటున్నాను. కె.వి. మహదేవన్ గారు బాణీకి మాటలు రాయించుకోవడం కంటే రాసిన పాటకి బాణీ కట్టడానికే ఎక్కువ ఇష్టపడేవారని, పక్కన పుహళేంది గారు స్వరాలు రాసుకుని వాద్యకారులకీ గాయకులకీ అందించేవారని మనం చదివి ఉంటాం. 'శంకరాభరణం' (1980) పాటలు, శాస్త్రీయ సంగీతం క్రమపద్ధతిలో నేర్చుకోని బాలుకి పుహళేంది పట్టుబట్టి నేర్పితేనే వచ్చాయన్నదీ తెలిసిందే. కానీ చదవడం వేరు, ఆ గదిలో ఉన్న మనిషి, ఆ సంగతిని గొంతుతో విడదీసి చూపిస్తూ చెప్తుంటే వినడం వేరు. వెనక వయొలిన్ ఎవరు, ఫ్లూట్ ఎవరు అని సినిమా టైటిళ్లలో ఎక్కని పేర్లు ఆయన నోట వినిపించేవి. మద్రాసు స్టూడియోల్లో పాట ఎలా తయారైందన్న చరిత్ర మన భాషలో పుస్తకాల్లో కొంచెమే ఉంది. ఎక్కువ భాగం ఈ కబుర్లలో ఉంది. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్, పార్థసారథి లాంటి గాయకుల్ని ఇచ్చినందుకు ఆ కార్యక్రమాన్ని మెచ్చుకుంటారు, సబబే. నేనైతే ముందు ఈ కబుర్లకే దణ్ణం పెడతాను.

అలాగని అంతా బాగుందని కాదు. అక్కడ కొలత 1950, 60ల మద్రాసు సినిమా పాట. ఉచ్చారణ అంటే ఘంటసాల, సుశీల పలికిన తెలుగు. కరీంనగర్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగుని బయట చెప్పులతో పాటు వదిలి లోపలికి రావాలి. ఒత్తులు సరిచేయడం తప్పని అనను, నాకూ అవి కావాలి. కానీ ఏళ్ల తరబడి తెలుగువాళ్లకి పాటంటే సినిమా పాటే, తెలుగంటే ఆ తెలుగే అన్నట్టు సాగిపోయింది. గల్ఫ్ లో రెక్కల కష్టం చేసేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు వాళ్లెంతమందో చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. సెలవు రోజు గదిలో కూర్చుని వాళ్లు ఎత్తుకునే పాట ఆ వేదిక మీద వినపడేది కాదు.

ఆ లోటుని తీర్చింది మా టీవీలో వచ్చిన 'రేలారె రేలా'. జానపదాల పోటీ. న్యాయనిర్ణేతల కుర్చీల్లో గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ లాంటి కవులు. విమర్శకులు దీన్ని ఎందుకో చిన్నచూపు చూశారు. నా లెక్కలో ఇది 'పాడుతా తీయగా' అంతటి మలుపు. ఇక్కడ రచన ఎవరు, సంగీతం ఎవరు అని అడిగితే జవాబుండదు. కాబట్టి అడిగే ప్రశ్నే మారుతుంది. నీకీ పాట ఎవరు నేర్పారు, ఏ పని చేస్తూ పాడతారు, నాట్లప్పుడా, కలుపు తీసేటప్పుడా, మీ ఊళ్లో ఇంకో చరణం ఉందా? ఒక అమ్మమ్మ పేరో ఒక ఊరి పేరో బయటికొస్తుంది. పాటకి అదే చిరునామా.

ఆ చిరునామా ఎంత విలువైందో 2021లో తెలిసింది. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' సినిమాలో మంగ్లి పాడిన 'సారంగ దరియా' ఊరూరా మోగుతున్నప్పుడు, ఆ జానపదాన్ని తాను ముందే 'రేలారె రేలా'లో పాడానని ఓ గాయని ముందుకొచ్చారు. సినిమాకి పాట రాసింది ఆ కార్యక్రమంలో న్యాయనిర్ణేతగా కూర్చున్న అశోక్ తేజే. పల్లవి ఎప్పటినుంచో జనంలో ఉన్నదేనని, చరణాలు తాను రాశానని ఆయన అన్నారు. జనం నోట్లో ఉన్న పాట ఎవరిది? వెలికి తెచ్చినవాళ్లకి ఏం దక్కాలి? ఆ వాదనలో నేను ఎవరి పక్షమూ వహించను. ఒకటి మాత్రం స్పష్టం. పాట ఒక్కటే ఉంటే ఇలాంటి తగువు తేలదు. ఎవరు తెచ్చారు, ఎక్కడ విన్నారు అని పాటకి ముందూ వెనకా వేదిక మీద జరిగిన సంభాషణే అక్కడ సాక్ష్యం.

మధ్యలో ఇంకో రకం మాట వచ్చిపడింది. దాని గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్ లో 2001లో మొదలైన 'పాప్ ఐడల్' నమూనా 2004లో 'ఇండియన్ ఐడల్'గా మనకొచ్చింది, దాంతో పాటు ఎస్సెమ్మెస్ ఓట్లూ వచ్చాయి. ఓటు కావాలంటే కథ కావాలి. తండ్రి అప్పులు, తల్లి జబ్బు, నేపథ్యంలో వీణ. పాట మీద మాట తగ్గి పాడేవాడి కష్టాల మీద మాట పెరిగింది. 2010లో ముంబైలో ఇండియన్ ఐడల్ గెలిచిన మన శ్రీరామచంద్రే 2022లో ఆహాలో 'తెలుగు ఇండియన్ ఐడల్'కి వ్యాఖ్యాత అయ్యాడు. పిల్లలు బ్రహ్మాండంగా పాడుతున్నారు, ధ్వని ముద్రణ పాతవాటికంటే నూరు రెట్లు మేలు. కానీ పాట అయ్యాక న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టి, 'ఒళ్లు జలదరించింది' అంటారు. ఎందుకు జలదరించిందో చెప్తే బాగుండు.

అరబ్బులకీ ఇలాంటి చరిత్రే ఉంది. లెబనాన్ టీవీలో 1972లో సైమన్ అస్మర్ మొదలుపెట్టిన 'స్టూడియో అల్ ఫన్' మాజిదా అల్ రూమీ లాంటి గాయనుల్ని ఇచ్చింది. అంతకు ముందు ఈజిప్టు రేడియోలో నెలకో మొదటి గురువారం రాత్రి ఉమ్ కుల్సుమ్ కచేరీలు వచ్చేవి. ఆ రికార్డింగుల్లో ఒక్కో చరణం తర్వాత శ్రోతల కేకలు, 'మళ్లీ పాడు' అన్న వేడుకోళ్లు, ఆవిడ అదే పాదాన్ని ఇంకోలా తిప్పి పాడటం అన్నీ ఉంటాయి. వాటిని తీసేసి వింటే మిగిలేది సగమే.

బీబీసీ వాళ్లు 1964లో మొదలుపెట్టిన 'టాప్ ఆఫ్ ది పాప్స్' తొలి ఏళ్ల భాగాలు చాలా వరకు లేవు. టేపు ఖరీదని చెరిపేసి వాడుకున్నారు. మనకిప్పుడు ఖరీదు సమస్య కాదు, ఓపిక సమస్య. బాలు గారు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఇప్పుడా కార్యక్రమాన్ని ఆయన కొడుకు చరణ్ నడిపిస్తున్నాడు, బాగానే నడిపిస్తున్నాడు. కానీ మహదేవన్ ఎదురుగా నిలబడి పాడినవాళ్లు, కోదండపాణి గదిలో కూర్చున్నవాళ్లు మళ్లీ రారు కదా.

మీలో ఎవరింట్లోనైనా, ముఖ్యంగా గల్ఫ్ నుంచి వెనక్కొచ్చిన ఇళ్లలో, అటక మీద పాత వీడియో టేపులుంటే ఒకసారి దించండి. వీసీఆర్ చేసే చివరి పెద్ద కంపెనీ ఫునాయ్ 2016లో ఆ పని మానేసింది. నడిచే యంత్రం వెతకడమే కష్టం, తేమకి టేపు మీద బూజు పడుతుంది. కంప్యూటర్లోకి ఎక్కించేవాడు దొరికితే పాటలు మాత్రం తియ్యమని చెప్పకండి. అనౌన్సరు నమస్కారంతో సహా, ఉన్నది ఉన్నట్టు ఎక్కించమనండి. పైన తేదీ, తెలిస్తే కేంద్రం పేరు, ఎవరు మాట్లాడారో వాళ్ల పేరు రాసిపెట్టండి. సినిమా పేరు రాయకపోయినా ఫరవాలేదు, అది ఎవరైనా కనుక్కుంటారు.