కందెన నుంచి మూడో గ్రూపు దాకా

వరికోతలు మొదలయ్యాయంటే బాన్సువాడ చుట్టుపక్కల హార్వెస్టర్లకు క్షణం తీరిక ఉండదు. నిజాంసాగర్ ఆయకట్టులో చేలన్నీ ఇంచుమించు ఒకేసారి కోతకొస్తాయి. ఒక్క వాన పడితే గింజ నేలపాలు, అందుకే మిషన్ ఆగకూడదు. ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు కొత్త నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసే అలవాటు మనకింకా పోలేదు. చిక్కగా ఉంటే మంచిదని లెక్క. అది ఎడ్లబండి నాటి లెక్క. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు కందెన పెట్టిన రోజుల్లో అది నిజమే.

ఆముదం బండి దగ్గరే ఆగిపోలేదు. 1909లో బ్రిటన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ ఖనిజ నూనెలో ఆముదం కలిపి ఇంజన్ ఆయిల్ అమ్మింది. ఆముదానికి ఇంగ్లిషులో ఉన్న 'కాస్టర్' పేరు మీదే దాన్ని 'కాస్ట్రాల్' అన్నారు. లోహాన్ని అంటిపెట్టుకుని ఉండడం ఆముదం గొప్ప. కాగి కాగి జిగురుకట్టడం దాని లోపం.

ముడిచమురు నూనెది ఇంకో తంటా: చలికి గడ్డకట్టడం, వేడికి నీళ్లవడం. ఏ నూనె ఎంతవరకు నిలకడగా ఉంటుందో చెప్పడానికి 1929లో అమెరికాలో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఒక కొలత కనిపెట్టారు. మేలైన పెన్సిల్వేనియా నూనెకు 100, నాసిదైన గల్ఫ్ తీరపు నూనెకు సున్నా. అదే విస్కాసిటీ ఇండెక్స్. ఆనాటికి వందే శిఖరం.

చాలాకాలం రిఫైనరీల్లో జరిగింది ఏరివేతే. పనికిరాని అణువులను ద్రావకాలతో కడిగి, నూనెను చల్లార్చి మైనం తీసేసేవారు. తీసేసే బదులు మార్చేద్దామన్న ఆలోచనతో కథ మలుపు తిరిగింది. అధిక పీడనంలో హైడ్రోజన్ పంపితే గంధకం విడిపోతుంది. 1993లో అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్ తన రిచ్‌మండ్ రిఫైనరీలో నిటారు మైనపు అణువులకు కొమ్మలు మొలిపించే పద్ధతి మొదలుపెట్టింది. కొమ్మలున్న అణువులు ఒకదానిపై ఒకటి పేరుకోవు, కాబట్టి తేలిగ్గా గడ్డకట్టవు. తీసేసే మైనమే నూనెకు బలమైంది! ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

ఇంజన్ ఆయిల్‌కు మూలమైన నూనెలను, అంటే బేస్ ఆయిళ్లను, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఐదు గ్రూపులు చేసింది. గంధకం 0.03 శాతం దాటినా, సంతృప్త అణువులు 90 శాతానికి తగ్గినా మొదటి గ్రూపే. ఆ రెండు పరీక్షలూ నెగ్గితే రెండోది. దానికితోడు ఇండెక్స్ 120కి చేరితే మూడోది. నాలుగోది పాలీ ఆల్ఫా ఓలెఫిన్లనే కృత్రిమ నూనెలది. మిగిలినవన్నీ ఐదో గ్రూపు, మన ఆముదం కూడా అందులోనే.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1న వాహనాల పొగకు బీఎస్-6 ప్రమాణం వచ్చింది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. పొగ శుద్ధి చేసే పరికరాలకు గంధకం, బూడిద పడవు. దాంతో బజారు రెండు, మూడు గ్రూపుల వైపు మళ్లింది. దక్షిణ కొరియా నుంచి మనకు ఓడల్లో వస్తున్నది ఎక్కువగా ఈ తేట నూనెలే. వేళ్లకు చిక్కదనం తెలుస్తుంది కానీ గంధకం తెలియదు. కంపెనీ మాన్యువల్లో రాసిన గ్రేడు చూసి పోయడమే ఇంజన్‌కు క్షేమం.

మొదటి గ్రూపు ప్లాంట్లు ప్రపంచంలో ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అయితే గేర్ ఆయిళ్లకూ గ్రీజులకూ కావలసిన చిక్కటి 'బ్రైట్ స్టాక్' ప్రధానంగా వాటినుంచే వస్తుంది. హార్వెస్టర్ ఇంజన్‌లో తేట నూనె పోసిన చేత్తోనే డ్రైవర్ గ్రీజు గన్ అందుకుని బేరింగుల దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఇప్పటికీ చిక్కనిదే కావాలి.