త్రికాల జపము – గుడిగంట నేర్పిన అనుదిన భక్తి



మన పెద్దలు రోజుకు మూడుమార్లు పని ఆపి, తలగుడ్డ తీసి, దేవమాతను తలచుకొనేవారు. ఆ అలవాటు వారికి ఎలా అబ్బింది?

మధ్యయుగాలలో మఠవాసులు 150 కీర్తనలను వేళ తప్పక లతీను భాషలో జపించేవారు. అక్షరం రాని రైతులకు, కూలీలకు ఆ వీలు లేదు. పునీత బొనవెంతూర గారు 1257 నుండి 1274 వరకు ఫ్రాన్సిస్కను సభకు అధిపతిగా ఉన్న కాలంలో, సాయంకాలపు గంట వినగానే మంగళవార్త జపం చెప్పవలసిందని ఆ గురువులు ప్రజలకు బోధించసాగారు. 1318లో 22వ యోహాను పోపుగారు ఈ ఆచారాన్ని ఆమోదించారు. ఉదయపు గంట క్రమంగా వచ్చి చేరింది. 1456లో తురుష్క సేనలు బెల్‌గ్రేడు నగరంపైకి రాగా, 3వ కలిస్తు పోపుగారు పగటిపూట కూడ గంటలు మోగించి ప్రార్థించమన్నారు. ఈ మూడూ కలిసి 16వ శతాబ్దంలో త్రికాల జపానికి నేటి రూపం ఏర్పడింది.

ఇందులో ఒక వివేకం గమనించండి. తిరుసభ పేదవానిని పని మాని రమ్మనలేదు. అతడు ఉన్న చోటనే, ఉన్న వేళకే ప్రార్థనను పంపింది. జపం చిన్నది, సులువుగా నోటికి వచ్చేది. వేళను గంట గుర్తుచేస్తుంది. అందుకే అలవాటు నిలిచింది. 1974లో 6వ పౌలు పోపుగారు దేవమాత భక్తిని గూర్చిన తమ లేఖలో ఈ జపాన్ని విడువవద్దని కోరారు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. గురువునైన కొత్తలో ఒక పల్లె విచారణలో ఉండేవాణ్ణి. పనుల ఒత్తిడి అని సాకు చెప్పుకొని మధ్యాహ్నపు గంట కొట్టించడం మానేశాను. నా జపమూ దానితోనే పోయింది. కొన్నాళ్లకు కలుపుతీతకు పోయే ఒక ముసలమ్మ వచ్చి, "ఫాదరుగారూ, గంట పాడయిందా? మాకు చేలో గడియారం లేదు. అది మోగితేనే నడుము ఎత్తి దేవుణ్ణి తలుచుకునేదాన్ని," అన్నది. నాకు నోట మాట రాలేదు. సెమినరీలో ఏండ్ల తరబడి చదివిన నాకంటే ఆమెకే గంట విలువ బాగా తెలుసు. ఆ మరునాడు నేనే తాడు పట్టుకొని గంట కొట్టాను.

నేడు గంట వినబడని ఇండ్లు అనేకం. పట్నంలో, ఆఫీసులో, బస్సులో ఉన్నవారికి గుడి దూరం. అయినా చేతిలోని ఫోనులో 6, 12, 6 గంటలకు గుర్తు పెట్టుకోవచ్చు. ఒకేసారి మూడూ చేయలేకపోతే రాత్రి భోజనానికి ముందు ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కసారి మొదలుపెట్టండి. ఒకరోజు తప్పితే దిగులుపడక మరునాడు మళ్లీ చెప్పండి. పిల్లలు మీ మాట కన్న మీ మోకాళ్లను చూచి నేర్చుకొంటారు.

ఈ శతవార్షికోత్సవపు దీపాలు కొన్నాళ్లకు ఆరిపోతాయి. మీ ఇంటి సాయంకాలపు జపం మాత్రం రేపటి తరానికి అందునుగాక. ఆమెన్.