కోరంగి రేవు నుంచి ఎల్‌-1 దాకా

వీసాల గురించి మనవాళ్ళ మాటలన్నీ ఫీజులూ లాటరీలూ స్టాంపింగుల చుట్టూనే తిరుగుతాయి. ఎల్‌-1 మీద అమెరికా వచ్చి తర్వాత హెచ్‌-1బికి మారినవాణ్ణి కాబట్టి ఆ మాటల్లో నా వాటా నాకుంది. అయితే ఈ రెంటిలో ఏది మేలన్న ప్రశ్నని నూటయాభై ఏళ్ళు వెనక్కి జరిపితే అది వేరే ప్రశ్న అవుతుంది: పని నచ్చకపోతే వదిలి పోవచ్చా, పోతే ఏమవుతుంది?

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. నాటాల్ చెరుకు తోటల కోసం ఒప్పందం మీద కూలీలు దిగిన మొదటి ఓడ అది. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ ఒప్పందాన్ని మధ్యలో విడిచిపోవడం నేరం. కోర్టులో తేల్చుకునే డబ్బు తగాదా కాదు, జైలుకి పంపే నేరం. తోట దాటాలంటే చేతిలో చీటీ ఉండాలి. ఈ పద్ధతి మీద కొత్త కూలీల్ని పంపడం 1917లో ఆగింది.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది బర్మా. 1937 దాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి వీసా అక్కర్లేదు, ఓడ టిక్కెట్టు చాలు. ఆ టిక్కెట్టు డబ్బు మేస్త్రీ పెట్టేవాడు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనికి పెట్టి, కూలి తన చేతిమీదుగా ఇస్తూ, అడ్వాన్సు విరగ్గోసుకునేవాడు. చట్టం కట్టెయ్యని మనిషిని బాకీ కట్టేసేది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద మనవాళ్ళని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు, అదీ గౌరవంగా కాదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తేలాక వీళ్ళని పొమ్మన్నారు. అక్కణ్ణించి అల్లర్లు మొదలై ఎంతోమంది తెలుగు కూలీలు చచ్చిపోయారు.

ఎయిర్ కండిషన్ ఆఫీసులో కూర్చుని నన్ను నేను ఆ కూలీతో పోల్చుకుంటే అది అన్యాయం. పోల్చదగింది కాగితం ఒక్కటే.

ఎల్‌-1 పుట్టింది 1970లో, కంపెనీ తన మనుషుల్ని తన శాఖకే పంపుకోడానికి. లాటరీ లేదు, జీవిత భాగస్వామి ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఆ వీసాతో ఇంకో కంపెనీకి మారడం కుదరదు, ప్రాంతపు కూలి రేటుకి తగ్గకుండా జీతమివ్వాలన్న షరతూ లేదు. 1990 చట్టంతో వచ్చిన హెచ్‌-1బికి ఆ షరతు ఉంది. 2000లో ఇంకో చట్టం వచ్చాక, కొత్త యజమాని దరఖాస్తు వెయ్యగానే అక్కడ చేరిపోవచ్చు. నా లెక్కలో లాటరీ బాధలన్నిటికీ ఈ ఒక్క వెసులుబాటు చాలు.

మేస్త్రీ మాత్రం పూర్తిగా పోలేదు. గడువుకి ముందే మానేసిన హెచ్‌-1బి ఉద్యోగి నుంచి జరిమానా వసూలు చెయ్యకూడదని 1998లోనే చట్టం చేశారు. నష్టపరిహారం అని రాసుకుంటే మాత్రం చెల్లే వీలుంది. కొన్ని కన్సల్టెన్సీల బాండు కాగితాల్లో ఉండే మాట అదే. ఇక గ్రీన్‌కార్డుకి ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న నియమం వల్ల భారతీయుల వరస ఏళ్ళ తరబడి కదలదు. ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోడానికి ఉండే గడువు మాత్రం 60 రోజులు.