ఇన్‌స్ట్రక్షన్ సెట్ – మైక్రోప్రాసెసర్ వేగం

ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటే మైక్రోప్రాసెసర్ నేరుగా అమలు చేయగల ఆదేశాల సముదాయం. ప్రోగ్రాం అమలుకు పట్టే సమయం మూడు అంశాల లబ్ధం: ఆదేశాల సంఖ్య, ఒక్కో ఆదేశానికి సగటున పట్టే క్లాక్ సైకిళ్లు, ఒక్కో సైకిల్ వ్యవధి. కాబట్టి సైకిల్ వ్యవధిని మాత్రమే సూచించే గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే చూసి వేర్వేరు ప్రాసెసర్ల వేగాన్ని పోల్చకూడదు.

ఆదేశాల సంఖ్య ఇన్‌స్ట్రక్షన్ సెట్‌ను బట్టి మారుతుంది. ఉదాహరణకు, మెమరీలోని సంఖ్యకు 5 కలపడానికి ఇంటెల్ ఎక్స్86లో ఒక్క ఆదేశం చాలు. మిప్స్ వంటి రిస్క్ (సరళమైన ఆదేశాల పద్ధతి) ప్రాసెసర్‌కు మూడు కావాలి: సంఖ్యను రిజిస్టర్‌లోకి తేవడం, కలపడం, తిరిగి మెమరీలో రాయడం. అయితే మిప్స్ ఆదేశాలన్నీ 4 బైట్ల పొడవే కనుక డీకోడింగ్ తేలిక. అనేక ఆదేశాల వేర్వేరు దశలను ఏకకాలంలో నడిపే పైప్‌లైన్ సాఫీగా సాగుతుంది. ఎక్స్86 ఆదేశం పొడవు 1 నుంచి 15 బైట్ల దాకా మారుతుంది. ఒకటి ఎక్కడ ముగిసిందో తేలితేగాని తర్వాతిది ఎక్కడ మొదలైందో తెలియదు.

రిస్క్ పద్ధతిని 1980 దశకంలో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ తీర్చిదిద్దారు. వారికి 2017 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు లభించింది. 1995లో వచ్చిన పెంటియం ప్రో, ఎక్స్86 ఆదేశాలను చిప్ లోపలే సరళమైన మైక్రో-ఆపరేషన్లుగా విడగొట్టి అమలు చేసింది. దాంతో రిస్క్, ఎక్స్86 పద్ధతుల మధ్య వేగంలో అంతరం తగ్గింది. నేటి ప్రాసెసర్లలో క్యాష్ మెమరీ, బ్రాంచ్ ప్రిడిక్షన్, కంపైలర్ నాణ్యత కూడా వేగాన్ని గణనీయంగా ప్రభావితం చేస్తాయి.