చిల్లర వర్తకుని చిట్టా – అమ్మకపు పన్ను

అమ్మకపు పన్ను చరిత్రను మనము సాధారణముగా ప్రభుత్వ బొక్కసము వైపు నుండియే చెప్పుకొనుచుందుము. ఆ చరిత్రనే చిల్లర వర్తకుని గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి చూచినచో వేరొక సంగతి గోచరించును. పన్ను సొమ్ము చెల్లించుట ఒక భారము. ఆ సొమ్మునకు లెక్క చూపుట మరియొక భారము. చిన్న వర్తకునికి తరచుగా రెండవదియే బరువైనది.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టము సరకుల అమ్మకముపై పన్ను విధించు అధికారమును రాష్ట్రములకు ఒసగెను. మదరాసులో రాజగోపాలాచారి గారి మంత్రివర్గము 1937లో సేలము జిల్లాయందు మద్యనిషేధమును ఆరంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. కల్లు, సారాల రాబడి తగ్గెను. ఆ లోటును పూడ్చుకొనుటకై 1939లో మదరాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టము వెలువడెను. దేశములో సరకులన్నింటికి సామాన్యముగా వర్తించునట్లు వచ్చిన అమ్మకపు పన్నులలో ఇదియే మొదటిది.

ఏటికి 10,000 రూపాయలలోపు అమ్మకము గలవారికి ఆ చట్టము పన్ను లేకుండ చేసెను. 20,000 వరకు నెలకు 5 రూపాయలు. అంతకు మించినచో మొత్తము అమ్మకముపై నూటికి అర్ధరూపాయి. ఇది లాభముపై పన్ను కాదు. 24,000 రూపాయల సరకు అమ్మిన వర్తకుడు లాభము వచ్చినను రాకున్నను 120 రూపాయలు చెల్లింపవలెను. పైగా ఒకే సరకు టోకు వర్తకుని వద్దను, చిల్లర వర్తకుని వద్దను మరల మరల పన్నునకు గురియగుచుండెను.

అంతకుముందు చిట్టా, ఆవర్జాలు వర్తకుని సొంత దస్త్రములు. అరువు ఇచ్చిన పద్దు తప్పక వ్రాసికొనును. కానీకి ఉప్పు, అర్ధణాకు చింతపండు అమ్మిన పద్దును ఎవరు వ్రాయుదురు? కొత్త చట్టము ఆ చిల్లర అమ్మకమును గూడ మొత్తములో చూపుమనెను. లెక్క దాఖలు చేయకున్నను, చేసిన లెక్క సరికాదని తోచినను, అధికారి తన విజ్ఞత మేరకు అమ్మకమును అంచనా కట్టి పన్ను నిర్ణయింపవచ్చును. ఆ అంచనా హెచ్చుగా నున్నదని వాదించుటకు వర్తకుని చేత నుండవలసిన ఆధారము మరల ఆ చిట్టాయే.

నైజాము ప్రాంతమునకు 1950లో హైదరాబాదు సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమునకు మదరాసు చట్టమే సంక్రమించెను. 1956లో రెండు ప్రాంతములు కలసినను, కొన్ని నెలలపాటు ఒకే రాష్ట్రములో రెండు పన్ను చట్టములు నడచినవి. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టముతో అవి ఒకటైనవి. 2005లో విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్, దాని స్థానమును ఆక్రమించెను. నాటినుండి కొనుగోలు బిల్లునకు కొత్త విలువ కలిగినది. కొన్నపుడు చెల్లించిన పన్నును అమ్మినపుడు వసూలు చేసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ ఈ పద్ధతిని దేశమంతటికి విస్తరించెను.

చిన్నవారికి వెసులుబాటు ఇప్పుడును కలదు. కాంపొజిషన్ పథకములో చేరిన వర్తకుడు అమ్మకముపై నూటికి ఒక రూపాయి చొప్పున మూడు నెలలకొకమారు చెల్లించి, ఏటికొక రిటర్ను దాఖలు చేసిన చాలును. 1939 నాటి నెలకు 5 రూపాయల ఏర్పాటునకు ఇది మనుమని వంటిది. కాని ఈ సులువునకు వెల కలదు. అతడు కొనుగోలుదారునినుండి పన్ను వసూలు చేయరాదు. పొరుగు రాష్ట్రమునకు సరకు అమ్మరాదు. అతని వద్ద కొన్న వర్తకునికి పన్ను తగ్గింపు లభింపదు. కావున వ్యాపారము పెంచుకొనదలచినవాడు పూర్తి లెక్కల మార్గమునకే రావలసియున్నది.

చట్టములెన్ని మారినను అధికారి విజ్ఞత మేరకు అంచనా కట్టు నిబంధన మాత్రము మారలేదు. రిటర్ను దాఖలు చేయనివారి విషయమున జీఎస్టీలోను అది నిలిచియున్నది. వార్షిక రిటర్ను గడువునాటినుండి 72 నెలలు లెక్కలను భద్రపరుపవలెనని నేటి చట్టము చెప్పుచున్నది. దీనిని ప్రభుత్వము కొరకు చేయు చాకిరిగా మాత్రమే భావింపరాదని మా మనవి. ఏ రాత్రి అమ్మకము ఆ రాత్రియే చిట్టాకెక్కించి, కొనుగోలు బిల్లులను నెలవారీగా కట్టగట్టి యుంచిన వర్తకునికి, ఇతరులు కట్టు అంచనాకు తలయొగ్గవలసిన అగత్యము చాలవరకు తప్పును.