బడి రిజిస్టరులో తల్లి పేరు

బడి అందరిదీ అంటాం. ఆ ‘అందరి’లో ఎవరెవరున్నారో తరగతి గదికంటే ముందే హెడ్మాస్టరు బల్ల మీది ప్రవేశాల రిజిస్టరు తేల్చేస్తుంది. పిల్ల పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో జోగినుల పిల్లలకు ఆ రెండో గడే అడ్డుగోడ అయింది.

ఎల్లమ్మ పేరో పోశమ్మ పేరో చెప్పి, చిన్నతనంలోనే దేవతకు ముడిపెట్టి, ఊరి మగవాళ్ళకు వదిలేసిన దళిత స్త్రీ జోగిని. అనంతపురం వైపు ఆమెను బసివి అంటారు, చిత్తూరు వైపు మాతమ్మ అంటారు. ఇందులో భక్తి ఎంతుందో గానీ ఆస్తి లెక్క మాత్రం గట్టిగా ఉంది. పెళ్ళి లేదు కనుక పోషణ అడిగే హక్కు లేదు, భూమిలో వాటా అడిగే బిడ్డా లేదు. బిడ్డకు తండ్రి ఎవరో చాలాసార్లు ఊరికి తెలుసు. తెలియనిది రిజిస్టరుకే. అది మగవాడికి సౌకర్యం, పిల్లకు అవమానం. మేనమామ పేరో, తాత పేరో, దేవుడి పేరో రాయించి పిల్లల్ని బడిలో వేసిన తల్లులున్నారు.

చట్టాల చరిత్ర చూస్తే ఈ పిల్లలు ఎంత ఆలస్యంగా కనబడ్డారో అర్థమవుతుంది. ముత్తులక్ష్మీ రెడ్డి సుదీర్ఘ పోరాటం తర్వాత మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం 1947లో వచ్చింది. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు అప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్నాయి కనుక అది ఇక్కడికి చేరలేదు. తెలంగాణకు కూడా వర్తించే చట్టం 1988లో, అంటే 41 ఏళ్ళ తర్వాత వచ్చింది. దాని వెనుక నిజామాబాద్ జిల్లా జోగినుల మధ్య పనిచేసిన హేమలతా లవణం కృషి ఉంది. ఆమెను జాషువా కూతురిగా గుర్తుపెట్టుకున్నంతగా ఈ పనితో గుర్తుపెట్టుకోలేదు మనం. ఆ చట్టం జోగినిగా మార్చడాన్ని నేరం చేసింది. అప్పటికే పుట్టిన పిల్లలు బడిలో ఎవరి పేరుతో కూర్చోవాలో మాత్రం చెప్పలేదు.

1991 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లాలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి 20 మంది కూడా లేరు. 1990ల మొదట్లో మహిళా సమాఖ్య అడుగుపెట్టిన తొలి జిల్లాల్లో ఇదొకటి. బడి మానేసిన, అసలు బడి మొహమే చూడని ఆడపిల్లల కోసం అది మహిళా శిక్షణ కేంద్రాలు నడిపింది. పిల్ల అక్కడే ఉండి, తనకు వచ్చిన చోటి నుంచి చదువు మొదలుపెట్టొచ్చు. బడికి తగిన పిల్లను వెతకడం మాని పిల్లకు తగిన బడిని తయారుచేయడం అక్కడ జరిగింది. 2004లో వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాలకు ఇలాంటి అనుభవమే పునాది. ఇదే జిల్లా ఊట్కూరు ప్రాంతంలో, తానే జోగినిగా ఉండి ఆ ముడి తెంచుకున్న హాజమ్మ, మరో పిల్ల జోగిని కాకుండా అడ్డుకునే ఉద్యమంలో నిలబడింది.

తల్లి పేరుకు న్యాయస్థానంలో విలువ తెచ్చిన కేసుల్లో ఒకటి రచయిత్రి గీతా హరిహరన్‌ది. కొడుకు కోసం రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. తండ్రి బతికుండగానే తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళికాని తల్లి సంరక్షకురాలిగా నిలవడానికి బిడ్డ తండ్రి పేరు బయటపెట్టనక్కర్లేదని 2015లో తీర్పు వచ్చింది. జోగిని బిడ్డకు ఇంకో చిక్కుంది. తండ్రి పైకులం వాడైతే పిల్ల కులం ఏది? తండ్రి కులమే బిడ్డ కులమని తేల్చేయకూడదు, బిడ్డ ఎవరి మధ్య, ఏ వివక్ష మధ్య పెరిగిందో చూడాలని 2012లో సుప్రీంకోర్టు అంది. స్కాలర్‌షిప్పూ, హాస్టలు సీటూ ఈ మాట మీదే ఆధారపడతాయి. కానీ కోర్టు మెట్లెక్కగల తల్లులెందరు? తీర్పు ఢిల్లీలో ఉంటుంది, దరఖాస్తు మండలాఫీసులో ఉంటుంది.

గోగు శ్యామల ఒక కథలో, కూతుర్ని జోగినిని చేయాలన్న ఊరి మాటను ధిక్కరించి తండ్రి ఆమెను హాస్టల్లో చేర్పిస్తాడు, అందుకు మూల్యం కూడా చెల్లిస్తాడు. అలా వెంట నిలిచే తండ్రి లేని పిల్ల కూడా అదే బెంచీ మీద కూర్చోవాలి కదా. ర్యాంపు కట్టడం, కుళాయి పెట్టడం, ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టించడం ఎంత అవసరమో, తల్లి పేరుతోనే దరఖాస్తు పూర్తయ్యేలా చూడటం అంతే అవసరం. ‘మీ నాన్న గురించి పది వాక్యాలు రాయండి’ అనే ముందు టీచరు ఒక్క క్షణం ఆగడం కూడా. ఆ క్షణం కోసం ఏ జీవో అక్కర్లేదు. మనలో పాఠాలు చెప్పేవాళ్ళం, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళం చాలామందిమే ఉన్నాం.